ఐదుగురే పట్టే డబ్బా

దయ్యాల మాటెత్తితే నాకు నవ్వొస్తుంది. తొమ్మిదిలోనే బడి మానేసిన నన్ను లెక్కల మాస్టారిని మించి భయపెట్టింది ఏదీ లేదు. ఇప్పటికీ నమ్మను. యోహాను మావ సంగతి దగ్గర మాత్రం నా నవ్వు పనిచేయదు.

రెండు వేల పదిహేను ప్రాంతంలో మాట. విజయనగరంలో ఒక విత్తనాల వ్యాపారి దగ్గర కంప్యూటర్లు, వైర్లు చూసేవాణ్ని. ఊళ్లలోని దుకాణాల వాళ్లు అక్కడి నుంచే నెట్ మీద ఆఫీసు కంప్యూటర్లోకి వచ్చి లెక్కలు రాసుకోవాలని ఆయన ఒక వీపీఎన్ డబ్బా కొన్నాడు. ముందు లైట్లు చూశాడు, వెనక కన్నాలు చూశాడు. ఒకేసారి ఎంతమందిని రానిస్తుందో అడగలేదు. అది ఐదుగురినే రానిచ్చేది. రావాల్సినవాళ్లు ఆరుగురు.

ఆరో మనిషి యోహాను, ఆఫీసంతటికీ మావ. రామతీర్థం దగ్గర ఇంట్లోనే కూర్చుని పద్దులు చూసే ముసలాయన. షేర్ ఆటో పద్ధతి పెట్టింది ఆయనే. పనైపోయినవాళ్లు మిగతావాళ్లకి, ఆఫీసులో నాకు ఫోన్ చేసి చెప్పాలి. అందరికన్నా ముందు ఆయనే చేసేవాడు: "దిగిపోతన్నానొరే, ఎవలెక్కుతారో ఎక్కండి."

"మావా, సామాన్లేవీ మర్సిపోలేదు కదా" అనేవాణ్ని.

"నీ బుర్రొకటి ఉండిపోనాది. ఖాళీదే కదా అని వదిలేసినాను."

ఒక వానాకాలం ఆయన గుండెపోటుతో పోయాడు. ఆ పని తనకిమ్మని కూతురు రూతు అడిగింది. తల్లి మంచంలో ఉంది, ఇల్లు కదలలేదు. యజమాని ఒక్క రోజు చూస్తానన్నాడు. సాయంత్రానికి నెల పద్దు ఆఫీసులోకి ఎక్కకపోతే, ఆఫీసులో కూర్చునే మనిషిని పెట్టుకుంటానన్నాడు.

నెలాఖరు. ఐదు చోట్లూ నిండిపోయాయి. రూతు ఫోన్ మీద ఫోన్. నేను అందరినీ బతిమాలాను, ఎవరూ దిగలేదు. శ్రీకూర్మం దుకాణానికైతే ఫోన్ అసలు కలవలేదు. బలవంతంగా ఒకరిని దింపేద్దామంటే, సగంలో పద్దు పాడవుతుందని యజమాని ఒప్పుకోలేదు. ఆయన ఎదురుగా కూర్చుని పెద్ద డబ్బా కొనమని మొత్తుకుంటుంటే, శ్రీకూర్మం చోటు ఖాళీ అయింది.

రూతు ఎక్కింది. పొద్దు వాలకముందే పద్దు వచ్చేసింది. పని ఆమెకే దక్కింది.

థాంక్స్ చెబుదామని శ్రీకూర్మానికి మళ్లీ ఫోన్ చేశాను. అక్కడ పద్దు రాసే పార్వతి, యోహాను మావ పోయాక చేరిన మనిషి. ఆయన గొంతు ఎన్నడూ విన్లేదు.

"ఎవలో ముసలాయన సేసినాడు బాబూ. మా పాప ఎక్కాల, కాసేపు దిగమ్మా అన్నాడు. ఆయనెవలేటి?"

రూతు ఇంట్లో మగవాళ్లు లేరు. ఎవరితోనూ ఫోన్ చేయించలేదంది. ఊళ్లో అందరి గొంతులూ అనుకరించేది నేనే కాబట్టి, నేనే చేశానని ఆఫీసంతా తేల్చేసింది. ఆ వేళ నేను తన ఎదురుగానే ఉన్నానని సాక్ష్యం చెప్పింది యజమాని ఒక్కడే.

తర్వాత పెద్ద డబ్బా వచ్చింది. ఇప్పుడు ఎవరూ ఎవరికీ ఫోన్ చేయనక్కర్లేదు. ఆ ఫోన్లు లేక ఆఫీసు మూగపోయినట్టు ఉండేది.

ఓసారి రూతు వాళ్లింటికి వైరు మార్చడానికి వెళ్తే అడిగింది. "అన్నా, నువ్వే కదా? నిజం సెప్పు."

కాదన్నాను. నమ్మలేదు. "పోనీ ఒక్కసారి నాన్న గొంతు పెట్టు, ఇంటాను" అంది.

యజమాని గొంతు పెడతాను, పాస్టరు గారి గొంతు పెడతాను, బస్సు కండక్టరు గొంతు నిద్రలో అడిగినా పెడతాను. ఆ రోజు రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. రాలేదు.

రూతు నా మొహం చూసింది. మళ్లీ అడగలేదు. లోపలికెళ్లి టీ తెచ్చింది.

పార్వతికి ఫోన్ చేసిందెవరో నాకు ఇవాళ్టికీ తెలియదు.