పారిస్‌లో ఒకే షిఫ్టు

పారిస్ వెళ్లేనాటికి నేను మొగుణ్ని వదిలేద్దామని నిశ్చయించుకుని ఉన్నాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. తెలిసినవాళ్ల దృష్టిలో నేను పారిస్ దాకా వెళ్లి మూడు రోజులుండి ఒక్క మ్యూజియం గడప కూడా తొక్కని ఘనురాలిని, అంతే. ఆ మాట ఎత్తి ఇప్పటికీ ఏడిపిస్తారు. ఏడవనీ అని ఊరుకుంటాను.

మా వైపు వీధికొకరు కెనడాకు అప్లై చేస్తున్న రోజులవి. నాకు అక్కడి ఒక కాలేజీ నుంచి జనవరి ఇన్‌టేక్‌కి ఆఫర్ లెటర్ వచ్చింది. ఆడపిల్లను ఒంటరిగా పంపడమెందుకు, పెళ్లి చేసి పంపితే స్పౌజ్ వర్క్ పర్మిట్ మీద అబ్బాయి కూడా వెళతాడు కదా అని పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు. పెళ్లిచూపులు, పెళ్లి, విమానం, అన్నీ నెలన్నరలో అయిపోయాయి. నాది గుంటూరు, అతనిది కరీంనగర్. టొరంటోలో దిగేసరికి అతని గురించి నాకు తెలిసిందల్లా బయోడేటాలో ఉన్నంతే.

టొరంటో పక్కనే మార్కమ్‌లో ఒక బేస్‌మెంట్. మూడు గదులు, ఆరుగురం. మా ఇద్దరికీ కలిపి ఒక గది దొరకడమే అప్పట్లో మహాభాగ్యం. నాకు పగలు కాలేజీ, సాయంత్రం కాఫీ షాపులో కౌంటర్ పని. అతనికి వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్. నేను లేచేసరికి అతను వచ్చి పడుకునేవాడు, నేను వచ్చి పడుకునేసరికి అతను వెళ్లిపోయేవాడు. సెలవు రోజులు కలిసేవి కావు. ఎప్పుడైనా కలిస్తే, ఖర్మకాలి ఇద్దరిలో ఒకరికి ఎక్స్‌ట్రా షిఫ్ట్ పడేది. మా సంసారమంతా ఫ్రిజ్ మీద అంటించిన పసుపు చీటీల మీద నడిచింది. కుక్కర్‌లో పప్పు ఉంది అని నేను. పాలు అయిపోయినయ్ అని అతను. రెండేళ్లలో నేను ఎక్కువగా చూసింది అతని వీపునే. గోడవైపు తిరిగి పడుకునేవాడు.

అయినా ఆ బేస్‌మెంట్ తలచుకుంటే ఇప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది. మెట్ల కింద ఆరు జతల స్నో బూట్లు ఒకదాని మీద ఒకటి పడి ఉండేవి. ఎవరు పోపు పెట్టినా ఆ వాసన అందరి జాకెట్లకూ పట్టేది. నా జాకెట్‌లో ఇంగువ వాసన వస్తోందని బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ముక్కు చిట్లిస్తే, అందరం దాన్ని చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వుల్లో అతను ఉండేవాడు కాదు. నిద్రపోతూ ఉండేవాడు.

వదిలేద్దామనుకున్నది కోపంతో కాదు. కోపం రావడానికైనా మనిషి ఎదురుగా ఉండాలి కదా! ఒకరోజు కాలేజీలో ఏదో ఫారం నింపుతూ అతని పుట్టినరోజు దగ్గర ఆగిపోయాను. నెల గుర్తుంది, తేదీ గుర్తు రాలేదు. ఎవరికి పెళ్లాన్ని నేను అనిపించింది. ఇలా బతికేకంటే ఇంటికి పోయి అమ్మ దగ్గర కూర్చోవడం నయమనుకున్నాను.

అంతలో తమ్ముడి పెళ్లి కుదిరింది. వచ్చాక నీతో ఒక మాట చెప్పాలని అమ్మకు ఫోన్‌లో అన్నాను. ఇక కెనడా వద్దు, ఈ కాపురమూ వద్దు అన్నదే ఆ మాట. డిగ్రీ సర్టిఫికెట్ల ఫైలును పెట్టెలో పట్టుచీరల అడుగున దాచాను. దారిలో పారిస్‌లో మూడు రోజులు ఆగుదామన్నది నేనే. ఎలాగూ అన్నీ వదిలేసి పోతున్నాను, ఆ ఊరన్నా చూసి పోదామనే కక్కుర్తి. అతను సరే అన్నాడు. దేనికైనా సరే అనడమే అతని పద్ధతి, అది చూస్తే నాకు ఒళ్లు మండేది. రోజుకు రెండు మ్యూజియాల చొప్పున పట్టిక రాసుకున్నాను. అన్నిటికంటే పెద్దదానికి మొదటిరోజు పొద్దున పది గంటలకు టైమ్ కూడా బుక్ చేశాను. మాట్లాడుకునే పని లేకుండా బొమ్మలు చూసుకుంటూ మూడు రోజులు గడిపేయొచ్చని నా లెక్క.

మేం దిగింది అయిదో అంతస్తులో ఒకే ఒక్క గది. మూలన చిన్న పొయ్యి, రెండు గిన్నెలు. మొదటిరోజు మెలకువ వచ్చేసరికి గది నిండా వెలుగు. పక్కన అతను లేడు. కెటిల్ మీద చీటీ అంటించి ఉంది: బ్రెడ్ తెచ్చిన, తిను. నన్ను పరాయి ఊళ్లో వదిలేసి ఏ షికారుకు పోయాడోనని తిట్టుకుంటూ, మొహం కడుక్కుందామని బాత్రూమ్ తలుపు తోశాను. లోపల లైటు కూడా వేసుకోకుండా, మూత వేసిన కమోడ్ మీద కూర్చుని, టీలో బ్రెడ్డు ముంచుకుని తింటున్నాడు. నన్ను చూసి దొంగలా ఉలిక్కిపడ్డాడు.

చప్పుడైతే నేను లేస్తానేమోనని అక్కడ కూర్చున్నాడట. ఎన్నాళ్లనుంచి ఈ అలవాటు అని నిలదీస్తే, మార్కమ్‌లో డ్యూటీ నుంచి వచ్చి రోజూ చేసేది ఇదే కదా అన్నాడు. నేనూ అంతే. అతను పడుకుని ఉంటే ఫోన్ వెలుతురులో బట్టలు వెతుక్కుని, బూట్లు చేత్తో పట్టుకుని మెట్లెక్కేదాన్ని. రెండేళ్లు ఒకరి నిద్రకు ఒకరం కాపలా కాశాం, ఆ ముక్క ఒకరికొకరం చెప్పుకోలేదు. నాకు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. చెయ్యి పట్టుకుని ఇవతలికి లాక్కొచ్చి కిటికీ దగ్గర కూర్చోబెట్టాను.

అమ్మో, ఆ మనిషి ఎంత మాట్లాడతాడు! నోట్లో నాలుక లేదనుకున్న నా బుద్ధికి చెప్పుతో కొట్టుకోవాలి. నేను నిద్రలో మాట్లాడతానని చెప్పాడు. అదీ ఇంగ్లీషులోనట, నెక్స్ట్ కస్టమర్ ప్లీజ్ అంటానట. ఒకసారి నిద్రలోనే కాఫీలో పాలు ఎన్ని పోయమంటారని అడిగితే, అతను కొంచెమే చాలన్నాడట. చెప్పి తనే పగలబడి నవ్వాడు. అతనికి కుడి బుగ్గ మీద సొట్ట పడుతుందని అప్పుడు చూశాను. గడియారం చూసేసరికి పదకొండున్నర. మ్యూజియం టైమ్ దాటిపోయింది. అతను బెంగగా నా మొహం చూశాడు. పోతే పోయిందిలెండి, ఇంకో టీ పెట్టండి అన్నాను.

ఆ తర్వాత మేం పారిస్‌లో చేసిన పనులు చెబితే ఎవరైనా నవ్వుతారు. వీధి చివర లాండ్రీలో బట్టలు వేసి, ఇద్దరి బట్టలూ ఒకే మెషిన్‌లో తిరుగుతుంటే గంటసేపు చూస్తూ కూర్చున్నాం. కెనడాలో ఎవరి సెలవు రోజున వాళ్ల బట్టలే. సంతలో టమాటాలు ముట్టుకున్నందుకు ముసలావిడ ఫ్రెంచిలో కసిరితే, నేను గుంటూరు తెలుగులో రెండు అంటించాను. ఎవరి మాట ఎవరికీ అర్థం కాలేదు, కాయలు మాత్రం మంచివి ఏరి ఇచ్చింది. కందిపప్పు దొరక్క ఏవో ఆకుపచ్చ పప్పులు తెచ్చి అతనే వండాడు. నేల మీద పేపరు పరుచుకుని, ఒకరికొకరం వడ్డించుకుని తిన్నాం. ఉప్పు తక్కువైంది. అంత రుచిగా ఆ రెండేళ్లలో నేను ఏమీ తినలేదు. రెండో రోజు ఒక బస్సెక్కి ఆఖరి స్టాపు దాకా వెళ్లి, దిగకుండా అదే బస్సులో వెనక్కి వచ్చాం. వంతెనలు, నది, బాల్కనీల్లో పూలకుండీలు, అన్నీ అతని భుజం మీదుగానే చూశాను. కునికిపాట్లు పడుతున్నానని తల వాల్చుకోనిచ్చాడు. ఆ ఎండ ఇప్పటికీ నా మొహం మీద ఉన్నట్టే ఉంటుంది.

మూడోరోజు నాకు భయం పట్టుకుంది. రేపు విమానం, ఎల్లుండి అమ్మ. అనుకున్నది అనుకున్నట్టు చెయ్యాలంటే ఇలా కరిగిపోకూడదనిపించి, కోపం తెచ్చిపెట్టుకుని, మ్యూజియంకి పోదాం పదండన్నాను. వాకిట్లో చాంతాడంత క్యూ. అతను కాసేపు నిలబడి, నువ్వు చూసి రా, నేనిక్కడ బెంచీ మీద ఉంటనన్నాడు. వెళ్లి కూర్చున్నాడు. క్యూ కదులుతోంది. నేను ముందుకు పోతున్నకొద్దీ అతను చిన్నగా అయిపోతున్నాడు. గేటు ఇంకో నాలుగడుగులు ఉందనగా తాడు కింద నుంచి దూరి వచ్చేశాను.

"ఇక్కడ కూడా షిఫ్టులేనా మీకు?" అని అరిచాను.

అతను నన్ను కూర్చోమని జరిగాడు.

"పెండ్లికి పోయెటోళ్లకు డిగ్రీ ఒరిజినల్స్ ఎందుకు? నాకు ఎరుకే," అన్నాడు. "పెట్టె సదిరినప్పుడే చూసిన."

తెలిసి కూడా ఈ మూడు రోజులూ ఎందుకు అడగలేదని అడిగాను.

"అడిగితే ఈ మూడొద్దులు గూడ దాని మీదనే పోతుండె. రెండేండ్లల్ల నీతోని కూసొని ఒక్కపూట తినలే. ముందుగాల అది కానీ అనుకున్న."

నోటికొచ్చినట్టు తిట్టాను. మనిషివా, రాయివా అన్నాను. తిడుతూ ఏడ్చాను. దారినపోయే వాళ్లు చూస్తున్నారని కూడా లేదు. అతను ఓపిగ్గా విన్నాడు. నేను గుంటూరులోనే ఆగిపోతానంటే అడ్డుపడనని, తనకు మాత్రం నాతో ఉండాలనే ఉందని చెప్పాడు. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. విమానంలో కూడా ఆ మాట మళ్లీ రాలేదు.

గుంటూరులో ఇంటి నిండా చుట్టాలు. అమ్మ నన్ను వెనక గదిలోకి తీసుకెళ్లి తలుపు గడియ పెట్టింది. నా ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి ఆవిడకు నిద్ర లేదట, కళ్లు పీక్కుపోయి ఉన్నాయి. నా చెయ్యి పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టి, ఏదో చెప్పాలన్నావుగా, ఏదైనా సరే చెప్పు అంది. బయట పందిట్లో అతను మా బాబాయితో కలిసి కుర్చీలు వేయిస్తూ, గట్టిగా ఎవరినో కేకేస్తున్నాడు. ఆ గొంతు వింటూ కాసేపు కూర్చున్నాను.

"ఈసారి వెళ్తే మేం మళ్లీ తొందరగా రాలేమేమోనమ్మా," అన్నాను. "అదే చెబుదామని."