రబ్బీ గారి విస్తరిలో అరటిపండు

మన పాత రంగూన్, ఇప్పటి యాంగోన్‌లో యూదులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. వాళ్లకి గురువుగా, అంటే రబ్బీగా, విదేశం నుంచి ఒకాయన వచ్చి కొంతకాలం చౌక్తడా పేటలో ఉన్నారు. పదిమంది యూదులు కూడితే తప్ప వాళ్లలో కొన్ని ప్రార్థనలు చదవకూడదట. ఆ పదిమంది కూడడం ఎప్పుడో గాని జరిగేది కాదు. అలాగని ఆయన చేతులు ముడుచుకుని కూచునే రకం కాదు. ఒక బౌద్ధ భిక్షువునీ, ఒక మౌల్వీగారినీ కలుపుకుని, పనులు పోయిన ఇళ్లకి బియ్యం పంచడం మొదలుపెట్టారు. ఆయనకి ఇంగ్లీషే వచ్చు. నాకు ఇంగ్లీషు, బర్మా భాష, తెలుగు మూడూ వచ్చు, నోరు కూడా ఎక్కువే. అందుకని నన్ను దుబాసీగా పెట్టుకున్నారు.

బియ్యం సంచులు కట్టడానికి మా తామ్వే పేట నుంచే ఒకామె వచ్చేది. వీధులు ఊడ్చేవాళ్ల కుటుంబం. వాళ్ల తాతలూ మా తాతలూ శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఓడలో వచ్చి ఉంటారు. మనుషులు దిగారు, వాళ్లతోపాటే కులమూ దిగింది. ఒకరోజు ఆమె సంచి మూతి కడుతూ ఏడుస్తోంది. అత్తగారు పోయిందట. మా సందు ఊడ్చిన ముసలమ్మే. పన్నెండో రోజు భోజనానికి నలుగురూ వచ్చి విస్తళ్ల ముందు కూచుంటేనే పోయిన మనిషిని సరిగ్గా సాగనంపినట్టు మాకు. మా సందువాళ్లెవరూ వాళ్లింట్లో తినరు.

"ఎంతమంది రావాలి?" అని రబ్బీ అడిగారు. నేను ఆమెకి తెలుగులో చెప్పాను.

"లెక్కేటీ లేదమ్మా. మీ పెదనాన్నగారు ఒక్కలు కూకుంటే సాలు. మిగతావోలు ఆయనెనకే ఒస్తారు."

మా పెదనాన్న రామమందిరం కమిటీకి పెద్ద. ఆ మాట చెప్తే రబ్బీ ఆమె చేతిలో సంచి తాను అందుకున్నారు. "మా నాన్న తద్దినానికి నాకు పదిమంది కావాలి. ఈ ఏడు దొరకలేదు. ప్రార్థన చదవలేదు. ఈమెకి ఒక్కరు చాలంటుంటే నేనెలా ఊరుకుంటాను?" అన్నారు. అదీ ఆమెకి తెలుగులో చెప్పాను.

ఆ సాయంత్రమే ఇద్దరం పెదనాన్న ఇంటికి వెళ్లాం. పెద్దమ్మ వేడివేడి గారెలు తెచ్చి పెట్టింది. రబ్బీ దణ్ణం పెట్టి, తమ నియమం ప్రకారం బయటి వంట తినకూడదని చెప్పి, గ్లాసుడు మంచినీళ్లు తాగారు. తర్వాత వచ్చిన పని చెప్పారు.

పెదనాన్న నవ్వుతూనే నావైపు తిరిగారు. "మనింట్లో గారి ముక్క ముట్టనోడు, నన్నెల్లి ఆలింట్లో తినమంటాడేటే? గురివింద గింజ సామెత సెప్పు ఈయనకి."

నాకు ఒళ్లు మండింది. కాని మాట గట్టిదే. పొల్లుపోకుండా ఇంగ్లీషులో దింపాను, తన నలుపు తనకి తెలియని గురివింద గింజతో సహా. బస్టాపుకి రాగానే రబ్బీ నావైపు తిరిగారు. "అడగాల్సిందే అడిగారు. దీనికి మాటలతో జవాబు చెప్తే సరిపోదు," అన్నారు.

పన్నెండో రోజు వాన. వాళ్ల గుమ్మం ముందు నీలం టార్పాలిన్ కట్టి, చాపలు పరిచి, విస్తళ్లు వేశారు. రబ్బీ అందరికంటే ముందే వచ్చి, తడిసిన ప్యాంటుతోనే చాప మీద కూచున్నారు. "నీ వంట నేను తినలేనమ్మా. మా వాళ్లు కానివాళ్ల వంట ఎవరిదైనా ఇంతే. నీ పక్కన కూచోవద్దని మాత్రం నాకెవరూ చెప్పలేదు. తొక్క ఉన్న పండేదైనా నీ చేత్తో పెట్టు," అన్నారు. ఆమె అరటిపండు విస్తట్లో పెట్టింది. ఆయన ఏదో చిన్నగా చదువుకుని, ఒలుచుకుని తిన్నారు.

పరదేశి వచ్చి కూచున్నాడన్న కబురు సందంతా పాకింది. పరువు కోసమే అయ్యుంటుంది, పెదనాన్న గొడుగేసుకుని వచ్చారు. ఆయన వెనకే కమిటీవాళ్లూ వచ్చారు. నా ప్రాణం కుదుటపడింది. పెదనాన్న రబ్బీ పక్కన కూచుని, "నాకూ అరటిపండే ఎట్టమ్మా. ఆయనకెట్టినట్టే," అన్నారు. "మాకూ అదే," అన్నారు వెనకవాళ్లు. వరసంతా అరటిపళ్లే! సిగ్గులేని జాతి అని పైకే అనేశాను.

ఆమె అన్నం గిన్నె చంకన పెట్టుకుని పెదనాన్న ఎదురుగా నిలబడింది.

"ఆయనకి ఆయన దేవుడొద్దన్నాడు బాబూ. నీకెవులొద్దన్నారు? ఏటేటా మీ రాముడి ఊరేగింపు ఎల్లేది మా అత్త ఊడ్సిన ఈదిలోంచే గదా. ఆ ఈదికి లేని మైల ఈ అన్నానికేటి?"

ఆమె ఏమందని రబ్బీ అడిగారు. ఉండండి, తర్వాత చెప్తానన్నాను. పెదనాన్న విస్తరిని దగ్గరికి జరుపుకున్నారు. అరటిపండు తీసి పక్కన పెట్టి, విస్తరి మీద నీళ్లు చల్లుకున్నారు.

ఆమె అన్నం వడ్డించింది, పప్పు వేసింది. ఆయన కలుపుకుని మొదటి ముద్ద తిన్నాక మిగతావాళ్లూ నీళ్లు చల్లుకున్నారు. గుమ్మడికాయ పులుసు పెదనాన్న మారు వేయించుకున్నారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. రబ్బీ వరసని ఈ చివర నుంచి ఆ చివరకి పెదవులు కదుపుతూ లెక్కపెడుతున్నారు. పది దాటింది.

వెళ్లేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకుంది. "ఆయన నాయన తద్దినానికి పదిమంది దొరకనేదన్నారు గదా. మేమొస్తే సెల్లుతాదేటో అడుగమ్మా."

అడిగాను. రబ్బీ చెప్పులేసుకుంటూ ఆగిపోయారు.

"చెల్లదు," అన్నారు. "అయినా రమ్మను."