దర్జీ కుట్టిన కప్పు

నాది ఇనుప సామాన్ల కొట్టు. మేకు నుంచి రేకు దాకా అమ్ముతాను, అడగకపోయినా సలహా ఇస్తాను. అదే నా రోగం. మా వీధి చివరి దర్జీకి మాత్రం నా సలహా ఏనాడూ చెవికెక్కలేదు.

ఆయన పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పుడే తల్లి పోతే అక్కే పెంచింది. ఆయన పెరటి వైపు కిటికీ దగ్గర మిషను తొక్కేవాడు, ఆవిడ పెరట్లో మంచమంత అద్దాల గ్రీన్‌హౌస్‌లో పీట వేసుకుని కాక్టస్ మొక్కలు పెంచేది. ఏ మొగ్గ విచ్చినా "ఒరేయ్, త్వరగా రారా!" అని కేకేసేది. ఆయన కుట్టే చొక్కా అక్కడే వదిలేసి పరుగెత్తేవాడు. వాటిలో గుండ్రటిదొకటి ఆరేళ్ళుగా పూయకుండా మొండికేసింది. దాని పువ్వు చూడకుండానే కిందటేడు ఆవిడ కన్నుమూసింది. దాన్ని బతికించి పూయించాలి. ఆయనకు ఇక వేరే ధ్యాస లేదు.

అంతలో వడగళ్ళు పడి గ్రీన్‌హౌస్ అద్దాలన్నీ పగిలాయి. చలి ముంచుకొస్తోంది. ఆయన కొట్టుకు వస్తే మూడు రకాలు ముందు పెట్టాను: గాజు, చుట్టగా వచ్చే పలచటి ప్లాస్టిక్ పట్టా, పాల రంగు పాలికార్బొనేట్ షీటు. పట్టాను చూడగానే ఆయన చేతులు ఊరుకోలేదు. అంచు వేళ్ళ మధ్య నలిపి చూశాడు. తానులా చుట్టి ఉంటే చాలు, ఆయన లెక్కలో అది గుడ్డే.

"దీన్ని టేపుతో అతికించాలన్నా," అన్నాను.

"అతుకుల సంగతి నువ్వు నాకు చెప్తావా!" అన్నాడు.

అంచులు మడిచి, రెండు వరసల కుట్టు వేసి, పెళ్ళికొడుక్కి కోటు తొడిగినట్టు తొడిగాడు. సూది దిగిన ప్రతిచోటా ఒక చిల్లు. మొదటి వానకే కుట్ల పొడవునా నీళ్ళు కారి సగం మొక్కలు కుళ్ళిపోయాయి. గుండ్రటిది ఓ మూలన ఉండబట్టి గట్టెక్కింది. సంగతి విని నేను పగలబడి నవ్వాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

"ఈసారి గాజు వెయ్యన్నా. కిటికీలోంచి లోపలంతా చక్కగా కనిపిస్తుంది."

"కనిపించకూడదు తమ్ముడూ. మిషను మీంచి తలెత్తితే అక్క పీట ఖాళీగా కనిపిస్తోంది. చెయ్యి ఆడట్లేదు."

జన్మలో మొదటిసారి నా సలహా నేనే వెనక్కి తీసుకున్నాను. పాల రంగు షీట్లు కోసిచ్చాను. వెలుతురు లోపలికి వెళ్తుంది, చూపు వెళ్ళదు. చలికాలమంతా ఆ మొక్కలకు నీళ్ళు పోయకూడదని అక్క చెప్పిన మాట. కాబట్టి తలుపు తీసే అవసరం కూడా లేకపోయింది.

చలి తగ్గాక ఒక మధ్యాహ్నం వచ్చి, బల్ల మీద అరచెయ్యి తెరిచాడు. ఎండి ముడుచుకుపోయిన గులాబీ రంగు పువ్వు.

"పూసింది," అన్నాడు. "ఒక్కరోజే ఉంటుందిట."

"ఎప్పుడు పూసిందన్నా?" నా నోరు ఊరుకోదు కదా.

"తెలీదు."

ముడుచుకున్న రేకను వేలితో మెల్లగా సవరించాడు. ఎదురుగా కూర్చున్న నాకే ఆయన ఒంటరితనం భరించలేనిదిగా అనిపించింది. చివరికి జేబులోంచి కొలతల చీటీ తీశాడు.

"కిటికీ వైపుకి గాజు కోసివ్వు తమ్ముడూ. ఇంకో మొగ్గుంది. ఇక పిలిచేవాళ్ళు లేరుగా, నేనే చూస్తుండాలి."