నివేదికలో లేని రెండు బోర్లు

మా మేడమ్ పోయారని పోయిన మంగళవారం ఆవిడ భర్త ఫోన్ చేసి చెప్పారు. అలాస్కాలో గడ్డకట్టిన నేల గురించి నాకు చదువు చెప్పిన గురువు ఆవిడ. మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో, మా ఆఫీస్ పార్కింగ్‌లో నిలబడి ఆ మాట విన్నాను. ఏడుపు రాలేదు. పాత కోపమే ముందొచ్చింది. దాన్ని దాచి ఈ నాలుగు మాటలు రాయలేను.

గుంటూరు నుంచి వెళ్లిన నాకు మొదటి చలికాలం బూట్లు కొనిచ్చింది ఆవిడే. మైనస్ నలభైలో నా ఊపిరి కనురెప్పల మీద మంచై అతుక్కుంటే, నవ్వుతూ తన మఫ్లర్ నా మొహానికి చుట్టారు. వేసవిలో టండ్రాకి తీసుకెళ్లేవారు. పైన నాచు, చిన్న చిన్న పూలు, దోమలు. మోకాలి లోతు తవ్వితే ఐసు.

"ఇది రాయి అనుకోకమ్మా, సగం నీళ్లే. కాస్త వెచ్చబడిందా, కాళ్ల కింద బురదే" అనేవారు. రీడింగులు రాసేటప్పుడు ఇంకో మాట: "అంకె రాసేముందు రెండుసార్లు చూడు. కొట్టేసేముందు పదిసార్లు చూడు."

ఒక గనుల కంపెనీ అక్కడ రోడ్డు వేయాలనుకుంది. నేల బరువు మోస్తుందా లేదా అని చెప్పే నివేదిక తయారుచేసే పని, కంపెనీ డబ్బుతోనే, మేడమ్ ల్యాబ్‌కి వచ్చింది. రోడ్డు వెళ్లే దారిలో తవ్విన ఎనిమిది బోర్లలో సెన్సర్లు దింపి ఏడాదంతా నేల ఉష్ణోగ్రత రీడింగులు తీసింది నేను. రెండుచోట్ల నేల కరగడానికి సిద్ధంగా ఉంది. నివేదిక బయటికొచ్చాక చూస్తే అందులో ఆరు బోర్లే ఉన్నాయి.

"మేడమ్, మిగతా రెండు ఏవి?"

"ఆ సెన్సర్ల మీద నాకు నమ్మకం లేదు."

"మీరే కదా చెక్ చేసి ఇచ్చారు?"

ఆవిడ కిటికీ వైపు తిరిగారు. "ఈ ప్రాజెక్ట్ పోతే ల్యాబ్ క్లోజ్ చేస్తారు. నీ వీసా ఏమవుతుందో ఆలోచించావా?"

తప్పు చేశారు సరే, అది నా కోసమే అన్నట్టు నా నెత్తిన పెట్టారు. అక్కడే నా మనసు విరిగింది. నివేదిక మీద నా పేరు కూడా ఉంది. తీసేయమన్నాను, తీయలేదు. నేనూ బయట ఎవరికీ చెప్పలేదు. వీసా భయం నాకూ ఉంది. కొన్నాళ్లకు మిషిగన్‌లో కార్ల కంపెనీ ఉద్యోగం దొరికితే వచ్చేశాను.

రోడ్డు వేశాక మూడో వేసవికి సరిగ్గా ఆ రెండు బోర్ల దగ్గరే రోడ్డు కుంగింది. ట్రక్కు బోల్తాపడి డ్రైవర్ నడుము విరిగింది. ఆ వారమే మేడమ్ తను దాచిన సంగతంతా యూనివర్సిటీకి రాసిచ్చి ఉద్యోగం వదిలేశారు. తర్వాత నాకు ఫోన్ చేశారు.

"నువ్వు చెప్పిందే నిజమమ్మా. నీ తప్పేం లేదని కూడా రాశాను."

"ఇప్పుడు రాస్తే ఆ మనిషి లేచి నడుస్తాడా మేడమ్?" అని పెట్టేశాను. మళ్లీ మేం మాట్లాడుకోలేదు.

నేలను చదవడం నేర్పినందుకు ఆవిడకి చేతులెత్తి నమస్కరిస్తాను. క్షమించానని మాత్రం రాయలేను.

నిన్న ఆవిడ భర్త ఒక ఫొటో పంపారు. కిందటి ఆగస్టులో తీసిందట. రోడ్డు తెగిన అంచున, కంకర మీద మేడమ్ ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఎదురుగా కరిగిన నీళ్లు చెరువులా నిలిచాయి. ట్రక్కులు నడవాల్సిన చోట రెండు తెల్లటి హంసలు ఈదుతున్నాయి.