రెండోది ఉందా?

రేపల్లె నుంచి తెనాలి వెళ్లే ప్యాసింజర్లో నా ఎదుటి సీటావిడ ఎండుచేపల సంచి మూతి విప్పగానే చుట్టూ ఉన్నవాళ్లు ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం ప్రభుదాసు సార్ గుర్తొచ్చారు. అటవీశాఖలో నా మొదటి పై అధికారి ఆయన. సొంతూరు నందివెలుగు. మాగాణి తప్ప మరొకటి ఎరగని మనిషికి సముద్రతీరం డ్యూటీ పడింది. తెలియనితనాన్ని దాచుకోవడం ఆయనకు చేతకాదు, కనిపించిన ప్రతి జాలరినీ ఏదో ఒకటి అడుగుతూనే ఉండేవారు. ఆయన జేబులోని చిన్న పుస్తకంలో జవాబులకన్నా ప్రశ్నలే ఎక్కువ.

నేను ఉద్యోగంలో చేరిన రెండో వారం, నిజాంపట్నం వైపు నుంచి పోలయ్య అనే జాలరి రేపల్లెలో మా ఆఫీసుకు వచ్చాడు. తన వలలో పడి డాల్ఫిన్ చచ్చిపోయిందని, దాన్ని ఒడ్డుకు తెచ్చి పెట్టానని చెప్పాడు. నేను వెంటనే కేసు కాగితాలు తీశాను. చట్టం కొత్తగా వంటబట్టిన రోజులవి. పెద్దపులికి ప్రభుత్వం ఎంత రక్షణ ఇచ్చిందో డాల్ఫిన్లకూ తిమింగలాలకూ అంతే ఇచ్చింది, వేటాడితే జైలే. నా మొదటి కేసు కాళ్ల దగ్గరికి నడిచొచ్చిందని లోలోపల సంబరపడ్డాను కూడా. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

"ముందు చూసొద్దాం పదమ్మా" అన్నారు సార్.

ఒడ్డుకు వెళ్లాక ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి తడి ఇసుకలో దాని పక్కనే కూర్చున్నారు. దాని మూతి మీదా రెక్కల అంచుల్లోనూ సన్నటి గీతలున్నాయి.

"ఇవేంటి పోలయ్యా?"

"వల దారాలు కోసుకున్నయ్యండి. బాగా పెనుగులాడింది."

సార్ నా వైపు తిరిగారు. "సొరచేపల గాలాలకు ఎర కోసం చంపేవాళ్లు మాంసం కోసుకుపోతారమ్మా. దీని ఒంటిమీద కత్తి గాటే లేదు. చంపినవాడైతే మన ఆఫీసు వెతుక్కుంటూ వస్తాడా?"

బాపట్ల నుంచి పశువుల డాక్టరుగారు వచ్చి, కోసి చూసి, ఊపిరాడక చచ్చిందన్నారు. నీళ్లలో ఉండేదానికి నీళ్లలో ఊపిరాడకపోవడమేంటని నేను తెల్లబోయాను. "మనలాగే గాలి పీల్చే ప్రాణి. పైకి రాలేకపోతే మునిగి చస్తుంది" అన్నారాయన. సార్ ఆ మాట పుస్తకంలో రాసుకుని, దాని కింద ఇంకో ప్రశ్న రాసి పోలయ్యను అడిగారు.

"ఇది ఒక్కటే వచ్చిందా? రెండోది ఉందా?"

పోలయ్య సముద్రం వైపు చూశాడు. "ఉందండి. మేం ఒడ్డుకొచ్చేదాకా పడవ చుట్టూనే తిరిగింది. దాని వైపు చూళ్లేకపోయానండి."

తిరిగి వచ్చేటప్పుడు జీపులో నేను ఉండబట్టలేక, "పోలయ్య మీద కేసు రాయరా సార్?" అని అడిగాను. సార్ చెప్పడం మొదలుపెట్టారు.

"ఒకసారి రాశానమ్మా. వేరే పల్లెలో, ఇలాగే తనంతట తాను వచ్చి చెప్పినవాడి మీద. కోర్టు వదిలేసిందనుకో. కానీ ఆ పల్లె నుంచి మళ్లీ ఒక్కరూ నా దగ్గరికి రాలేదు. చచ్చినవాటిని చప్పుడు చేయకుండా ఇసుకలో పూడ్చేసేవాళ్లు. వేటాడినదేదో, వలలో పడినదేదో ఇక నాకెలా తెలుస్తుంది? నా కళ్లు నేనే పొడుచుకున్నాను."

సమాచారం ఇచ్చిన వ్యక్తి అని పోలయ్య పేరు రాసి నాచేత సంతకం పెట్టించారు. కేసు పోయిందని రెండు రోజులు ముఖం ముడుచుకునే తిరిగాను. మరుసటి ఏడు ఎర కోసం నిజంగానే డాల్ఫిన్లను చంపుతున్న పడవను పట్టుకున్నాం. జాడ చెప్పింది పోలయ్యే.

సార్ పోయి నాలుగు నెలలైంది. ఆ పుస్తకాన్ని వాళ్లావిడ నాకిచ్చారు, నా బ్యాగులోనే ఉంటుంది. ఎవరి మీదైనా కాగితం తీసేముందు ఒకసారి తిరగేస్తాను.

తెనాలిలో రైలు దిగుతుండగా ఫోన్ మోగింది. పోలయ్య.

"వల్లో డాల్ఫిన్ పడిందమ్మా, బతికే ఉంది. వల కోసేసి వదిలేశామండి. వల సగం పోయింది, పోతే పోయిందిలే. సార్ ఉంటే ఆయనకే చెప్పేవాణ్ణి."

ప్లాట్‌ఫారం మీద జనం నన్ను తోసుకుంటూ పోతున్నారు. ఓ పక్కకు జరిగి, పుస్తకం తీసి ఆ పాత పేజీ వెతికాను.

"బాబాయ్, రెండోది ఉందా?"

"ఉందమ్మా. కాస్త దూరంలో కాసుకునుంది. రెండూ కలిసే పోయినయ్యి."

సార్ చేతిరాతలో ఉన్న ప్రశ్న కింద, నా చేతిరాతలో ఆ మాట రాసుకున్నాను.