సామియా చూసిన రాణి

మొన్న పాత సూట్‌కేసు దులుపుతుంటే అట్ట ఊడిన పిల్లల మాసపత్రిక ఒకటి బయటపడింది. తెరవగానే ఊరగాయ నూనె వాసన, నలభై ఏళ్ళ నాటిది. నాన్న కువైట్‌లో ఆయిల్ కంపెనీ బస్సు తోలే ఆ ఎనభైల్లో, మంగఫ్‌లోని మా ఇంటికి కథలన్నీ అలాగే వచ్చేవి. సెలవుకు రాయచోటి వెళ్ళొచ్చేవాళ్ళు ఊరగాయ జాడీలు పగలకుండా పాత పత్రికలు చుట్టి తెస్తే, నేను ఆ పేజీలను ఎండలో ఆరబెట్టి, వరస కలుపుకుని చదువుకునేదాన్ని.

వేసవి సెలవుల్లో బయట ఇసుకగాలి వీస్తుంటే, కింది వాటాలోని సూడాన్ వాళ్ళమ్మాయి సామియాను మేడమెట్ల మీద కూర్చోబెట్టుకుని, బొమ్మలు చూపిస్తూ వచ్చీరాని అరబ్బీలో కథ చెప్పేదాన్ని. వాళ్ళమ్మ వేసే చందనపు పొగ, జొన్నపిండి పులియబెట్టి దోసెకన్నా పల్చగా పోసే రొట్టె వాసన కలిసి ఆ మెట్లమీదికి వచ్చేవి. ఆవిడది నిగనిగలాడే నలుపు, తలనిండా సన్నని జడలు. నాకు పెట్టకుండా సామియాకు ఒక్కదానికే రొట్టె పెట్టిన రోజు లేదు.

ఒకరోజు పేజీ తిప్పగానే సామియా ఎగిరి గంతేసింది.

"యుమ్మా! మా అమ్మ!"

ఆ పత్రికల్లో రాణులే కాదు, కట్టెలు కొట్టేవాడి పెళ్ళాం కూడా పాలరంగులోనే ఉండేది. ఇన్నాళ్ళకు సామియాకు ఒక బొమ్మలో తనవాళ్ళెవరో కనబడ్డారు. అవే జడలు, అవే పెదవులు, అదే నలుపు.

"ఈమె ఏం చేస్తుంది?" అని అడిగింది.

ఆమె రాక్షసి, పిల్లల్ని తింటుంది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. "రాణి" అన్నాను. అది నిజమనుకుని పత్రిక లాక్కుని వాళ్ళమ్మ దగ్గరికి పరుగెత్తింది, వెనకే నేనూ.

ఆవిడకు తెలుగు రాదు, బొమ్మలకు తెలుగు అక్కర్లేదు. తర్వాతి పేజీలో తెల్లని రాకుమారుడు ఆ తల నరికి, జడలు పట్టుకుని పైకెత్తి చూపిస్తున్నాడు. ఆవిడ పత్రిక మూసి నా చేతికిచ్చి, "ఇంటికెళ్ళు బిడ్డా" అంది. తిట్టలేదు. రొట్టె కూడా పెట్టలేదు. మర్నాటి నుంచి సామియా మెట్లమీదికి రాలేదు.

పైకొచ్చి ఏడిస్తే మా అమ్మ, "రాక్షసి నల్లగా కాక తెల్లగుంటాదా ఏందే? కతకు కూడా అలుగుతారా ఎవురన్నా?" అంది. మా అమ్మదీ అదే నలుపు, నాదీ అదే. మమ్మల్ని రాక్షసులుగా గీసి, ఆ తల తెగిపడితే మా చేతే చప్పట్లు కొట్టించారు. గీసినవాళ్ళ మీద నాకు ఇప్పటికీ మంటే. ఆ పేజీలను అంత అపురూపంగా ఆరబెట్టుకున్న నా మీద కూడా.

ఆ మేడ కూల్చేశారట. జాడీలకు కథలు చుట్టేవాళ్ళు లేరు, సామియా ఏ దేశంలో ఉందో తెలియదు. నిన్న మనవరాలికని కొత్త కథల పుస్తకం కొన్నాను, నున్నని కాగితం, ఎక్కడా నూనె మరక లేదు. మూడో కథ దగ్గర పిల్ల సంబరంగా బొమ్మ మీద వేలు పెట్టింది.

"జేజీ, ఇది నువ్వే గదా! ఏం చేస్తాది ఈమె?"

అదే నలుపు, అవే పెదవులు. తర్వాతి పేజీ తిప్పకుండానే నాకు తెలుసు. నలభై ఏళ్ళయినా నేనింకా రాణి అనే అబద్ధం చెప్పాలా?