నాలుగు వేళ్ల మేర

మా వడ్రంగి మేస్త్రి పోయారని మొన్న పొద్దున ఫోను వచ్చింది. కాడుగోడి రైలు స్టేషను పక్కనే ఆయన ఇల్లు. బస్సయితే ఎక్కాను గాని, ఆయన ముఖం చూడాలంటే భయమేసింది. ఎందుకో చెబుతాను.

తొంభైల చివర్లో హూడిలోని మా డిజైన్ ఆఫీసుకు ఒక పని వచ్చింది. వేగంగా పోయే రైళ్లన్నిటికీ డ్రైవరు గది ఒకే కొలతలో ఉండాలి, బండి దేన్నయినా గుద్దుకున్నా లోపలి మనిషి బతకాలి. కొలతలు గీసేది నేను. గీసినదాన్ని ప్లైవుడ్‌తో అసలు సైజులో కట్టి నిలబెట్టేది మేస్త్రి.

నా డ్రాయింగుల మీద ఆయనకు పెద్ద నమ్మకం ఉండేది కాదు. "కాగితం మింద అందరూ సన్నగా ఉంటారప్పా" అని నవ్వేవారు. చెక్క మీద గీత కొట్టే దారానికి పూసే నీలిపొడి తీసుకుని మోకాళ్లకీ భుజాలకీ రుద్దుకునేవారు. సీట్లో కూర్చుని, ఎదురుగా పట్టాల మీద లారీ ఉందనుకుని, బ్రేకు లాగి, లేచి వెనక తలుపు వైపు పరుగెత్తేవారు. అరవై దగ్గరపడ్డ మనిషి, లుంగీ ఎగ్గట్టి అలా పరుగెడుతుంటే నాకు నవ్వాగేది కాదు. నీలం ఎక్కడ అంటితే డ్రైవరు ఒళ్లు అక్కడ తగులుతుందని లెక్క. అక్కడ చెక్క కోసేసేవారు.

ఒక్కచోట మాత్రం నేను కోయనివ్వలేదు. సీటు వెనక సామాన్ల బీరువా. ప్రతిసారీ దాని అంచుకు మోకాలు కొట్టుకుని ఆయన కూలబడేవారు.

"నాలుగు వేళ్లు తగ్గించప్పా. ఈడ పడినోడికి మళ్లా లేచేకి టైముండదు."

"రేపే పెద్దవాళ్లు చూడ్డానికొస్తున్నారు మేస్త్రీ. బీరువా మారిస్తే వైర్లన్నీ మార్చాలి."

"అన్ని బండ్లకీ ఒకటే కొలత అంటుండారు గదా. అది తప్పు కొలతైతే అన్నిట్లోనూ తప్పే ఉంటాది."

అంచుకు అంటిన ఆ నీలం మరక తుడవమన్నాను. వినిపించుకోనట్టు ఉలి నూరుకుంటూ కూర్చున్నారు. తడిగుడ్డ పెట్టి నేనే తుడిచాను. మర్నాడు వచ్చినవాళ్లు సీట్లో కూర్చున్నారు, బాగుందన్నారు, కాఫీ తాగారు. ఎవరూ పరుగెత్తలేదు. డ్రాయింగు మీద సంతకం పెట్టేశాను.

వాళ్లు వెళ్లాక మేస్త్రి మళ్లీ నీలిపొడి రుద్దుకుని పరుగెత్తారు. మరక మళ్లీ అక్కడే పడింది.

ఆ కొలతతోనే బండ్లు తయారయ్యాయి. ఎప్పుడు కనబడినా మేస్త్రి బీరువా సంగతే అడిగేవారు. ఇంతవరకూ ఎవరికీ ఏమీ కాలేదు కదా అంటే, "ఇంతవరకూ" అని ఊరుకునేవారు. ఆ మాట నన్ను తినేసింది. చేసిన పనిని సొంత ఒంటి మీద చూసుకోవాలని నేర్పింది ఆయనే, నేనే ఆలస్యంగా నేర్చుకున్నాను. నిరుడు తప్పు ఒప్పుకుంటూ పైవాళ్లకు ఉత్తరం రాశాను. ఒకటి మారిస్తే అన్నీ మార్చాలి, ఏదైనా జరిగితే అప్పుడు చూద్దాం అని జవాబు వచ్చింది. ఆ సంగతి ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు.

ఇంట్లో ఆయన్ని చాప మీద పడుకోబెట్టారు. కుడి మోకాలి మీద పాత దెబ్బ మచ్చ. వెనక గోడకు ఆనించి ఆ బీరువా చెక్క. మోడలు విప్పేసిన రోజు అడిగి తెచ్చుకున్నారట. నీలం మరక అలాగే ఉంది.

ఆయన భార్య నన్ను గుర్తుపట్టింది. "ఆ సారు వస్తాడు, తగ్గించినామని చెప్తాడు, అప్పుడు తుడుస్తానని అంటుండె ఆయన. తగ్గించినారా అప్పా?"

నేను నోరు తెరిచేలోగా బయట రైలు వచ్చింది. నేల అదిరింది, చెక్క గోడకు టకటకా కొట్టుకుంది. ఆమె అలవాటుగా లేచి దాన్ని రెండు చేతులా పట్టుకుంది, మరక మీద వేలు పడకుండా. బండి పోయేదాకా నా ముఖంలోకే చూస్తూ నిలబడింది.